ఖిరాన్ ఒడ్డుకు వచ్చిన తల్లి తిమింగలం

మొన్న శుక్రవారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా చేపల పులుసుకి చింతపండు పిసుకుతున్నాను. కువైట్‌లో, రిగ్గైలో మేం అయిదుగురు ఆడవాళ్లం కలిసి ఉండే ఫ్లాటు అది. ఎవరో తలుపు కొడితే మాతో ఉండే చిన్నపిల్ల వెళ్లి తీసి, మొహం పాలిపోయి వెనక్కి వచ్చింది. "అక్కా, ఎవరో కువైటీ అబ్బాయండి. మిమ్మల్నే అడుగుతున్నాడు" అంది. ఇన్నేళ్లు గడిచినా, తెల్ల దిష్దాషా వేసుకున్న మగమనిషి గుమ్మంలో కనబడితే ముందు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటాను నేను. చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లి చూస్తే ఆరడుగుల కుర్రాడు, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు. "మరియం, నేను యూసుఫ్‌ని. నీ కొడుకుని" అన్నాడు అరబ్బీలో. నా వెనకాల ఉల్లిపాయలు తరుగుతున్నవాళ్ల చేతులు టక్కున ఆగిపోయాయి. నా పేరు సువార్త. ఆ పేరుకి నోరు తిరగక వాళ్లింట్లో తొలిరోజే నన్ను మరియం చేసేశారు.

నీ కొడుకుని అని వాడు ముద్దుకు అన్న మాట కాదు. వాళ్ల ధర్మం ప్రకారం పరాయి బిడ్డకు పాలిచ్చి పెంచిన ఆడది ఆ బిడ్డకు తల్లే. ఆమె పాలు తాగిన పిల్లలంతా తోబుట్టువులే. వాళ్లలో వాళ్లకి పెళ్లి జరగదు, ఎంత గొప్పవాళ్లు చెప్పినా జరగదు. యూసుఫ్ నా పాలు తాగి పెరిగాడు. ఇప్పుడు తన చిన్నాన్న కూతురు నూరాను చేసుకోవాలని మనసుపడ్డాడు. నూరా కూడా పసిగుడ్డుగా ఉన్నప్పుడు కొన్నాళ్లు ఆ ఇంట్లోనే, నా చేతుల్లోనే ఉంది. పెళ్లి మాటలు నడుస్తుండగా ఎవరో అత్త, "ఆ ఇండియా ఆయా ఇద్దరికీ పాలిచ్చింది కదా" అని నోరు జారింది. అంతే, మాటలు ఆగిపోయాయి. నిజం తెలిసిన నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. చెప్పాల్సినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. "రేపు పెద్దవాళ్లంతా కూర్చుంటారు. నువ్వొచ్చి చెప్పాలి. నూరాకి పాలిచ్చావా, లేదా? అదొక్కటే" అన్నాడు. జవాబు ఇప్పుడే చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. వాడి ఒక్కడి ఎదుట చెబితే, వాడే చెప్పించాడంటారట. ఇచ్చిన టీ తాగకుండానే లేచాడు.

వాడు మెట్లు దిగాడో లేదో నా ఫోను మోగింది. మామా. యూసుఫ్‌ని కన్నతల్లి, ఒకప్పుడు నేను పనిచేసిన ఇంటి ఇల్లాలు. కుశల ప్రశ్నలు రెండు ముక్కల్లో తేల్చేసి, "మరియం, నూరాకి కూడా ఇచ్చానని చెప్పు. ఖలాస్, గొడవ వదిలిపోతుంది" అంది. నూరా తల్లికీ ఈమెకీ, తోటికోడళ్లకి, ఏనాటి నుంచో పడదు. నేను నోరు తెరవబోతే, "ఏం జరిగిందో నేను అడగలేదు. ఏం చెప్పాలో చెప్పాను" అని పెట్టేసింది. ఎంత ధీమా! ఇరవై ఏళ్ల కింద "యల్లా, మరియం" అని అరిచినట్టే ఉంది ఆ గొంతు, ఇసుమంత కూడా మారలేదు. ఒళ్లు మండిపోయింది నాకు. పొయ్యి మీద పులుసు పొంగి మంట ఆరిపోయిన సంగతి కూడా పక్కవాళ్లు చెబితేగానీ తెలియలేదు.

ఆ ఇంటికి నేను వెళ్లేనాటికి, ఇరాక్ కువైట్ మీదికి వచ్చిన యుద్ధం ముగిసి కొన్నేళ్లే అయింది. నా కూతురు కృపకి ఏడో నెల నడుస్తోంది. మా ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. వీసా వచ్చినప్పుడే విమానం ఎక్కాలి. బిడ్డ పాలు మానేదాకా ఆగుతానంటే ఏ ఏజెంటు వింటాడు? పిల్లను మా అమ్మ చంకలో పెట్టి, వెనక్కి చూడకుండా నరసాపురం బస్సెక్కాను. చూస్తే ఎక్కలేనని తెలుసు. నా మనసుకి ఏదో ఒకటి సర్దిచెప్పుకున్నానుగానీ, బిడ్డ దూరమైందని రొమ్ములకి ఎవరు చెబుతారు? బొంబాయి చేరేసరికే జాకెట్టు తడిసి అట్టకట్టింది. కొంగు నిండా కప్పుకుని, ఎవరైనా చూస్తారేమోనని ముడుచుకుని కూర్చున్నాను విమానంలో. ఇప్పుడు తలుచుకుంటే, ఎవరికి సిగ్గుపడ్డానో నాకే అర్థం కాదు.

ఆ ఇంట్లో వంట చేసే ఓబులమ్మక్కది రాయచోటి దగ్గర పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద, నోరు కూడా పెద్దదే. నన్ను చూడగానే సంగతి కనిపెట్టేసింది. "ఏమ్మే, పాలు తాగే బిడ్డను ఇడిసిపెట్టి వచ్చినావా? మల్లెపూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయి గానీ, ఈ ఎడారిలో మల్లెలు యాడ తెచ్చేది! గట్టిగా గుడ్డ కట్టుకో. ఏడవాకు, ఏడిస్తే ఇంకా ఎక్కువైతాయి" అంది. అంటూనే తను కళ్లొత్తుకుంది. ఆమెకీ ఇద్దరు పిల్లలు ఊళ్లో ఉన్నారు. పొద్దున ఏలకులు దంచి కాచే కాఫీ వాసన, మధ్యాహ్నం ఎండునిమ్మకాయలు వేసిన చేపల అన్నం వాసన, సాయంత్రం గదిగదికీ తిప్పే బుఖూర్ పొగ, వీటితోనే ఆ ఇంట్లో మాకు పూట తెలిసేది. బుఖూర్ వెయ్యడం నా పని. చిన్న పాత్రలో నిప్పులు పోసి, మీద సుగంధపు చెక్క ముక్క పెట్టి అందరి దగ్గరికీ తీసుకెళ్లాలి. నా ఒంటి నుంచి వచ్చే పచ్చిపాల వాసన ఆ పొగలో కలిసిపోయేది కాబట్టి, ఆ పనంటే నాకు ఇష్టంగా ఉండేది.

పొగ అందరికంటే ముందు యూసుఫ్ తాతయ్యకి పట్టాలి. పనివాళ్లం ఆయన్ని బాబా కబీర్ అనేవాళ్లం, ఆయన భార్యని మామా కబీరా. ఆయన గడ్డం పొగలోకి వంచి కళ్లు మూసుకునేవాడు. కాఫీ చాలు అనడానికి కప్పుని అటూ ఇటూ ఊపేవాడు, నోటితో చెప్పేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు చెక్క ఓడల మీద ఖర్జూరాలు వేసుకుని బొంబాయికీ, ఆఫ్రికాకీ తిరిగిన మనిషి. దేశంలో నూనె పడి డబ్బొచ్చాక ఆ ఓడలు మూలపడ్డాయి. ఈయన కూడా సోఫాలో ఒక మూలకి చేరాడు. మనవలకి ఆయన కథలంటే విసుగు. బొంబాయి రేవులో నేర్చుకున్న హిందీ మాత్రం ఆయనకి పోలేదు. అందుకని ఆ కథలన్నీ వినే భాగ్యం నాకూ, ఓబులమ్మక్కకీ దక్కింది. అక్క బియ్యం ఏరుతూ "ఊఁ, ఊఁ" అనేది, అర్థమైనా కాకపోయినా.

నన్ను తెప్పించింది యూసుఫ్‌ని చూసుకోవడం కోసం. మామాకి కాన్పు కష్టమై జ్వరం తగులుకుంది. గట్టి మందులు వాడుతోంది, బిడ్డకి పాలివ్వొద్దన్నారు డాక్టర్లు. డబ్బాల్లో ఎన్ని రకాల పాలుంటాయో అన్నీ తెచ్చారు. వాడు తాగడం, కక్కేయడం. చేతుల్లో పెట్టుకుంటే ఏమీ లేనట్టుండేవాడు. ఆసుపత్రికి తిప్పని రోజు లేదు. అలా ఉండగానే చలికాలం సెలవులొచ్చాయి. సముద్రపు గాలికి బిడ్డ తేరుకుంటాడేమోనని ఇల్లంతా ఖిరాన్‌లో ఒడ్డు మీద వాళ్లకున్న సెలవుల ఇంటికి కదిలింది. దారిలో వఫ్రా తోటల దగ్గర ఆగి టమాటాలూ దోసకాయలూ పెట్టెలకి పెట్టెలు వేయించుకున్నాం. అక్కడ పొలంలో మన కడప కుర్రాళ్లు ఓబులమ్మక్క మాట వినగానే పరుగెత్తుకొచ్చి, ఓ కొత్తిమీర కట్ట ఊరికే చేతిలో పెట్టారు.

ఖిరాన్ చేరిన మర్నాడు పొద్దున్నే బాబా కబీర్ కర్ర ఊపుతూ "హూత్! హూత్!" అని కేకలు పెట్టాడు, తిమింగలం, తిమింగలం అని. ఆయన అంత గట్టిగా అరవగా ఎప్పుడూ వినలేదు. అందరూ ఒడ్డుకి పరుగెత్తారు. మా ఊరి ఒడ్డుకి ఎప్పుడైనా చచ్చిన తిమింగలం కొట్టుకొచ్చేది. కంపు భరించలేక ముక్కులు మూసుకుని చూసొచ్చేవాళ్లం. బతికున్నదాన్ని చూడటం నాకదే మొదలు. నీళ్లలోంచి నల్లటి వీపు లేచి, ఉఫ్ఫుమని ఊపిరి వదిలితే ఆవిరి మనిషెత్తు కంటే పైకి ఎగిరింది. ఆ చప్పుడు వరండాలో ఉన్న మాకు వినిపించింది. దాన్ని ఆనుకుని ఇంకో చిన్న వీపు. పిల్ల! నేను యూసుఫ్‌ని ఎత్తుకుని వరండా మెట్ల మీదే ఉండిపోయాను. చలిగాలికి బిడ్డను బయటికి తేవొద్దన్నారు.

బాబా కబీర్ నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కుర్రాళ్లు మోటారు పడవ తీయబోతే "దగ్గరికి పోయారంటే కాళ్లిరగ్గొడతా" అని అరిచి, తర్వాత మెల్లగా నాతో చెప్పాడు. "బేటీ, ఇది ఇక్కడికి రావాల్సింది కాదు. దారి తప్పింది. ఒమాన్‌కి దక్షిణంగా జుఫార్ తీరం ఉంది. ఆఫ్రికా పోయేటప్పుడు చలికాలంలో ఆ తీరం వెంట పోయేవాళ్లం. అక్కడ దీవుల దగ్గర ఇవి గుంపులుగా చేరేవి, ఈనడానికి. మేం ఓడ దూరంగా తిప్పుకునేవాళ్లం. పిల్లని పక్కన పెట్టుకున్న తల్లి దగ్గరికి పోకూడదని మా నాయకుడి ఆజ్ఞ. రాత్రి పాటలు కూడా పాడనిచ్చేవాడు కాదు. ఆ తల్లులు పిల్లల్ని ఊపిరి పీల్చుకోవడానికి పైకి ఎగదోసేవి. ఒకదాన్నొకటి కాపు కాసేవి. మాకు ఇళ్ల దగ్గర పుట్టిన పిల్లలు గుర్తొచ్చేవాళ్లు. మేం మళ్లీ ఇంటికి చేరేసరికి ఆ పిల్లలు నడుస్తూ ఉండేవాళ్లు, మమ్మల్ని చూసి భయపడేవాళ్లు." కర్ర చాచి చూపించాడు. "చూడు, తల్లి ఒక పక్కకి ఒరిగింది. పిల్ల కిందికి పోయింది. పాలు తాగుతోంది."

ఆ మాట వినడంతోనే నాకు చేపు వచ్చేసింది. గుడ్డ కట్టు, జాకెట్టు, పైనున్న యూనిఫారం, అన్నీ తడిసిపోయాయి. చేతుల్లో యూసుఫ్ గొంతు పోయేలా ఏడుస్తున్నాడు. లోపలికి పరుగెత్తి, గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని వాడికి రొమ్మందించాను. పట్టేశాడు. మూడు వారాలుగా ఏదీ ఇమడని ఆ బిడ్డ గుటకలు వేస్తుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాలసీసా పట్టుకుని వచ్చిన ఓబులమ్మక్క గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "ఓసి నీ పాసుగాల! ఏం జేస్తాండావే? మామా సూసిందంటే నిన్నూ నన్నూ ఇద్దర్నీ విమానమెక్కిస్తాది" అంది. "ఆకలికి ఏడుస్తున్నాడక్కా. పాలేమో ఊరికే కారిపోతున్నాయి. మా పేటలో ఐతే పక్కింటావిడైనా పట్టుద్ది. ఇందులో తప్పేటుంది?" అన్నాను. మా పేటలో నిజంగానే ఇలాంటి పట్టింపు ఏమీ లేదు. తల్లి చేలోకి వెళ్తే ఎవరి చంకలో బిడ్డ ఉంటే వాళ్లే పట్టేవాళ్లు, సాయంత్రానికి మరిచిపోయేవాళ్లు.

వెనక్కి తిరిగేసరికి మామా కబీరా నిలబడి ఉంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మంచం చివర కూర్చుని, వాడు తాగి నిద్రపోయేదాకా ఆగింది. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "తెలిసి చేశావా, తెలియక చేశావా?" అంది. ఏం తెలియాలో నాకు తెలియదని నా మొహం చూసి గ్రహించింది. అప్పుడు చెప్పింది ఈ పాలబంధం సంగతి. "ఇలాగే వీడికి ఇస్తూ పో. బతుకుతాడు. నువ్వు వీడికి తల్లివవుతావు. ఇది ఆట కాదు, మరియం" అంది. ఆ పూట నుంచి నాకు ఖర్జూరాలు, మాంసం రసం, మెంతులు వేసిన గంజి, అన్నీ వేళకి వచ్చేవి. యూసుఫ్ బుగ్గలు తేలాయి. మామా మాత్రం గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయేది. తన బిడ్డ నన్ను చూసి నవ్వుతుంటే ఆమెకి ఎలా ఉంటుందో నాకు తెలియకపోలేదు. అక్కడ మా ఊళ్లో నా బిడ్డ కూడా అప్పటికి ఎవర్నో చూసి నవ్వుతూనే ఉంటుంది కదా.

ఆ తిమింగలాలు సాయంత్రం పోటుకి లోపలికి వెళ్లిపోయాయి. వారం తిరిగాక ఇంకాస్త దక్షిణంగా పిల్ల ఒడ్డుకి కొట్టుకొచ్చిందని డ్రైవరు చెప్పాడు. చచ్చిపోయిందట. తల్లి ఆ దగ్గర్లోనే తిరుగుతోందని జాలర్లు చెప్పుకున్నారట. బాబా కబీర్ చూడటానికి వెళ్లలేదు. రెండ్రోజులు కాఫీ కూడా ముట్టలేదు. నేను మాత్రం అన్నం ముందు కూర్చుంటే కృపే కళ్లలో మెదిలేది. కొన్నాళ్లకి మా ఊరి నుంచి ఎవరో వస్తూ టేపు క్యాసెట్టు తెస్తే, ఓబులమ్మక్క వంటగది తలుపేసి పెట్టింది. అందులో కృప ముద్దుముద్దుగా "అమ్మా, అమ్మా" అంటోంది. ఎంత పొంగిపోయానో! అంతలో మా అమ్మ గొంతు, "నన్నేనే, నన్నే పిలుత్తంది" అని మురిసిపోతూ వినిపించింది. అక్క టేపు కట్టేసింది. నేను వెళ్లి గిన్నెలు తోమాను.

ఈమధ్య మా గదిలో చిన్నపిల్ల ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో మంచు సముద్రాల్లో ఉండే తిమింగలాలు, పిల్లకి ఒంటిమీద కొవ్వుండదు గనక, చలికి చచ్చిపోతుంది గనక, వేల మైళ్లు ఈది వెచ్చటి తీరానికి వచ్చి ఈనుతాయట. అక్కడ తల్లికి తిండి దొరకదట. నెలల తరబడి పస్తులుండి, ఒళ్లు కరిగించుకుని పిల్లకి పాలిస్తుందట. "ఎంత పిచ్చివో కదక్కా" అంది ఆ పిల్ల. నాకు కోపం వచ్చింది. అది తిండి ఉన్నచోటు వదులుకుని పిల్ల దగ్గరికి పోతుంది. మేం పిల్లని వదిలేసి తిండి ఉన్నచోటికి వచ్చాం. ఎవరే పిచ్చివాళ్లు? ఆ రోజుల్లో అరకొర ఫోను, ఎప్పుడో వచ్చే క్యాసెట్టు. ఇప్పుడు ఆ పిల్ల రోజూ వీడియోలో కొడుకుతో మాట్లాడుతుంది, అన్నం తిన్నావా, హోంవర్కు చేశావా అని. వాడు ఆట మీద ధ్యాసతో ఊఁ కొడతాడు. అంతకు మించి మారిందేమిటో నాకైతే కనబడదు.

నూరా సంగతి చెప్పాలి. ఆ మరుసటి వేసవిలో పుట్టింది. తల్లిని ఆసుపత్రిలోనే ఉంచి, పిల్లని మామా కబీరా దగ్గరికి తెచ్చారు. యూసుఫ్ అప్పటికి గుజ్జన్నం తింటున్నాడు, నాకు పాలు ఇంకా ఉన్నాయి. పిల్ల గడప దాటకముందే మామా కబీరా నన్ను పిలిచి, "దీనికి ఇవ్వొద్దు. రేపు పెద్దయ్యాక వీళ్లిద్దరికీ రాసి ఉందేమో. నీ పాలు పడితే ఆ దారి మూసుకుపోతుంది" అంది. సరే అన్నాను. అనడం తేలికే! నూరా ఆకలికి కేకలు పెడుతుంటే నాకు పాలు ధారలు కట్టేవి. సీసా నోట్లో పెట్టి, పక్కకి తిరిగి పళ్లు బిగపట్టుకునేదాన్ని. తర్వాత వంటగదిలోకి వెళ్లి సింకులోకి పిండేసి కుళాయి తిప్పేదాన్ని. "ఇంత అన్యాలం యాడన్నా ఉండాదా? ఒక బిడ్డేమో ఊర్లో మేకపాలు తాగుతాంది. ఇంకో బిడ్డ ఈడ గొంతు చించుకుంటాంది. మద్దెన సింకు తాగుతాంది నీ పాలు" అని ఓబులమ్మక్క తల బాదుకునేది. ఆమె కూడా పోయింది, ఊరెళ్లిన ఏడాదికే.

యూసుఫ్ వచ్చి పిలిచిన మర్నాడు, దజీజ్‌లో నేను టీ కాచే ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. హాలు నిండా జనం. మామా నా ఎదురుగానే కూర్చుంది, కళ్లార్పకుండా చూస్తూ. నూరా మూలన, తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. పెద్దాయన ఒకరు నెమ్మదిగా అడిగారు, దేవుడి ఎదుట నిజం చెప్పమని. "యూసుఫ్‌కి ఇచ్చాను. నూరాకి ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు" అన్నాను. "ఎన్నో ఏళ్ల నాటి మాట, అంత కచ్చితంగా ఎలా చెబుతావు?" అంది మామా. అప్పుడు నాకు భయం పోయింది. "పాలు నావి మామా. ఎక్కడికి పోయాయో నాకు తెలియదా? మీ వంటగది సింకులోకి పోయాయి. ఈ పిల్ల పక్కగదిలో ఏడుస్తుంటే పిండి పారబోశాను, మీ అత్తగారి మాట మీద. అలాంటిది ఎవరూ మరిచిపోరు" అన్నాను. పెద్దాయన తలొంచుకుని, "చాలు తల్లీ" అన్నారు. మామా లేచి లోపలికి వెళ్లిపోయింది. నూరా వచ్చి నా చేతులు పట్టుకుంది.

యూసుఫ్ కారులో నన్ను దించడానికి వచ్చాడు. దారంతా ఏదేదో మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ సంతోషంలో. మా బిల్డింగు కింద కారాపి, "నీకొక కూతురుంది కదా యుమ్మా? నాకంటే పెద్దది. అంటే నాకు అక్క. ఒక్కసారైనా చూపించలేదేం? ఫోను చెయ్యి, పెళ్లికి నేనే పిలుస్తాను" అన్నాడు. యుమ్మా అంటే వాళ్ల మాటలో అమ్మా అని. వద్దన్నా వినలేదు. చేశాను. కృప ఎత్తింది. మా అమ్మని అమ్మ అని, నన్ను కువైటమ్మ అని పిలుస్తుంది నా కూతురు. చిన్నప్పుడు అలవాటైంది, ఇక మారలేదు.

"చెప్పు కువైటమ్మా, ఈ టైములో చేసేవేంటి?" అంది. నా పక్కనున్న కుర్రాడు నా పాలు తాగి పెరిగాడనీ, వాళ్ల ధర్మంలో తనకి తమ్ముడవుతాడనీ, పెళ్లికి పిలవాలని సరదా పడుతున్నాడనీ చెప్పాను. అవతల కృప వెనక ఎక్కడో మా అమ్మ దగ్గు వినబడింది.

"నీ పాలేటే? అయ్యి నావి" అంది కృప, మెల్లగా. "నా పాలు తాగినోడు బాగున్నాడా?"

యూసుఫ్ నవ్వు మొహంతో నా వైపు వంగి, "అక్క ఏమంటోంది?" అని అడిగాడు.

"నువ్వు బాగున్నావా అని అడుగుతోంది" అన్నాను.